పచ్చ వలల వేసవి

మా అత్తకు రెండో కంటికి కూడా శుక్లం తీసి కట్టు విప్పిన రోజు, ఆమెకు స్పష్టంగా కనపడిన మొదటి మొహం నాదే. చేతిలో ఉన్న నల్లద్దాలు పెట్టుకోవడం కూడా మరిచిపోయి నన్ను ఎగాదిగా చూసింది.

"అమ్మణ్ణీ, నీకిన్ని తెల్లెంట్రుకలు ఎప్పుడొచ్చినాయే?" అంది.

ఆస్పత్రి వరండాలో బెంచీల మీద కూర్చున్నవాళ్ళంతా నావైపు తిరిగారు. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. అత్త అంతటితో ఆగలేదు. గోడమీది బల్లిని చూపించింది. నర్సమ్మ చెవికమ్మలో రాయి ఏ రంగో చెప్పింది. రోడ్డుకు అవతల ఉన్న మందుల షాపు బోర్డును తమిళంలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి పెద్దగా చదివింది. తొండియార్‌పేటలో ఇల్లు చేరేదాకా ఆటోలో దారిపొడవునా బోర్డులు చదువుతూనే ఉంది. వాకిట్లో ఎదురొచ్చిన మా మామను అక్కడే నిలబెట్టి, "మీరేంది, ఇంత ముసలోళ్ళయిపోయినారు?" అని అడిగింది.

మామ హార్బరు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. నెమ్మదస్తుడు. "నువ్వు చూడని టయం చూసి అయిపోయినాలే," అని లోపలికి పోయి కాఫీ కలిపాడు.

అత్త మా నాన్నకు అక్క. డెబ్భై దాటింది. జార్జ్ టౌన్‌లో టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, ఎవరెవరి ఊళ్ళకో లైన్లు కలుపుతూ సగం జీవితం గడిపేసింది. గొంతు ఇప్పటికీ గంట కొట్టినట్టుంటుంది. కళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి మసకేశాయి. కంట్లో కత్తి పెడతారని భయపడి ఆపరేషన్ వద్దంది. కాఫీలో చక్కెరనుకుని ఉప్పేసినా ఒప్పుకోలేదు. వీధి చివర నిలబెట్టిన మోటారుసైకిలును పక్కింటాయన అనుకుని క్షేమసమాచారాలు అడిగిన రోజు మాత్రం, తనే వచ్చి, "సరే, ఆస్పత్రికి పోదాం పద," అంది.

నేను అంబత్తూరులో ఒక బళ్ళో లెక్కలు చెబుతాను. అప్పుడు వేసవి సెలవులు. అత్తకు చుక్కలమందు వేయడానికని వచ్చి వాళ్ళింట్లోనే ఉన్నాను. డాక్టరు బయట తిరగొచ్చని చెప్పిన రోజు సాయంత్రం, అత్త మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని అసలు విషయం బయటపెట్టింది.

"అమ్మణ్ణీ, నేను పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్ళోనే గదా. ఒక్కటీ సరిగ్గా చూళ్ళేదే. ఆ సెంట్రల్ పక్కన ఎర్ర హాలు ఉండాది చూడు, దాని ముందర దినమ్మూ పోతా ఉంటి. బస్సు తప్పిపోతాదని పరిగెత్తడమే గానీ తలెత్తి చూసిందే లేదు. రిటైరైనాక తీరిక దొరికింది, కళ్ళు పోయినాయి. ఇప్పుడు రెండూ ఉండాయి. రొంబ ఆశగా ఉండాది. ఊరు చూపించవే."

అంత చక్కటి గొంతుతో అడిగితే ఎవరు మాత్రం కాదంటారు? నాకూ హుషారొచ్చింది. మొదట ఎర్ర హాలు, తర్వాత బీచిలో కూలీల విగ్రహం, ఆ తర్వాత జార్జ్ టౌన్‌లో ఆమె ఎక్స్చేంజికి దగ్గర్లోనే ఉన్న పెద్ద గుడి గోపురం. రోజూ ఆ గోపురం నీడలో నడిచి డ్యూటీకి పోయేదట. దాని మీద ఏ బొమ్మలున్నాయో ఈనాటికీ తెలియదట.

మరుసటి పొద్దున్నే మెట్రో ఎక్కి సెంట్రల్లో దిగాం. అత్త జరీ అంచు చీర కట్టుకుంది, పెళ్ళికి పోతున్నట్టు. ఎస్కలేటరు మీద నా చెయ్యి వదిలేసి ముందు నిలబడింది. వెలుగులోకి రాగానే, "యాడ? యాడ?" అంటూ నాకంటే ముందు నడిచింది.

ఎర్ర హాలు లేదు.

అంటే, ఉంది. కిందినుంచి శిఖరం దాకా ఇనప గొట్టాలు బిగించి, వాటిమీద పచ్చటి వల కప్పేశారు. చుట్టూ మనిషెత్తు రేకులు పాతారు. మరమ్మతులు జరుగుతున్నాయని బోర్డు పెట్టారు. ఎర్రటి ఇటుక ఒక్కటి కూడా కనిపించలేదు. నా ప్రాణం ఉసూరుమంది. ముందే ఎవరినైనా అడిగి ఉండాల్సింది అనుకుంటూ అత్త మొహంలోకి చూశాను, ఏడుస్తుందేమోనని.

అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆ పచ్చటి ఆకారాన్ని కిందినుంచి పైదాకా చూసింది. ఆమె భుజాలు కదలడం మొదలైంది. తీరా చూస్తే నవ్వుతోంది.

"నాకు పీకిన పొర తెచ్చి దీనికి తొడిగినారే!" అంది. ఆ నవ్వుకు పూలమ్మే ఆమె కూడా తిరిగి చూసింది.

"ఇంకోటి చూద్దాం పద అత్తా," అన్నాను.

"ఉండవే. వచ్చినాం గదా. ఇది మాత్రం వేడిక్క కాదా ఏంది?" అంటూ రేకుల వెంబడి నడిచింది. వేడిక్క అంటే తమిళంలో తమాషా, రొంబ అంటే చాలా. మా ఇళ్ళల్లో తెలుగు ఎక్కడ ఆగి తమిళం ఎక్కడ మొదలవుతుందో మాకే తెలియదు. నాలుగడుగులు వేసి ఆగి, ముక్కు ఎగబీల్చింది. "ఈడ బెల్లం వాసనొస్తా ఉండాది. నీకు రాలా?"

నిజమే. వచ్చీపోయే బస్సుల పొగ మధ్యలో పులిసిన బెల్లం వాసన గుప్పుమంటోంది. రేకుల్లో ఒకచోట పిడికిలంత కంత ఉంది. అత్త నల్లద్దాలు నెత్తిమీదికి తోసి కంతకు కన్ను ఆనించింది. "అమ్మాడీ... ఒకాయన గోడకు పళ్ళు తోముతా ఉండాడే. ఒక్కో ఇటుకా బ్రష్షుతో రుద్దుతా ఉండాడు. ఆడ పెద్ద తొట్టిలో ఏందో నానేసినారు. కమాను కనపడతా ఉండాది... ఎంత ఎరుపే!"

"తెలుగోళ్ళా అమ్మా మీరు?" అని వెనకనుంచి వినపడింది. తెల్ల హెల్మెట్టు పెట్టుకున్న అమ్మాయి, పాతికేళ్ళు దాటి ఉంటాయి, చేతిలో టీ గ్లాసుతో నిలబడి ఉంది. ఆ పనుల దగ్గర ఇంజనీరట. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తోంది.

"ఆమా, తెలుగోళ్ళమే. ఈ ఊరి తెలుగోళ్ళం," అంది అత్త కంత దగ్గర్నుంచి కదలకుండా. "ఈ బెల్లం వాసనేందమ్మా?"

"గది సున్నంల కలిపే నీళ్ళమ్మా. కరక్కాయ, బెల్లం నానబెడ్తం. పాత గోడకు సిమెంటు పెట్టొద్దు. ఎన్కట ఎట్ల కట్టిన్రో గట్లనే చేస్తున్నం." ఆ అమ్మాయి కళ్ళల్లో మెరుపొచ్చింది. తను చేస్తున్న పని గురించి సొంత భాషలో అడిగినవాళ్ళు దొరికి చాలాకాలం అయినట్టుంది. "లోపలికి మాత్రం పంపియ్యరాదమ్మా. మా సారు ఒప్పుకోడు. గీడనే నిలబడున్రి, ఒక్క నిమిషం."

లోపలికి పోయి, తాపీ మీద సున్నం ముద్ద పెట్టుకుని వచ్చింది. అత్త వేలితో తాకి చూసింది, వెన్న పట్టుకున్నట్టు. వాసన చూసింది. నాలిక మీద పెట్టుకుంటుందేమోనని నేను చెయ్యి పట్టుకున్నాను.

"మొన్ననే కళ్ళ ఆపరేషన్ అయింది," అని చెప్పాను ఆ అమ్మాయితో.

"అయ్యో, మరి ఈ దుమ్ముల ఎందుకున్నరు?" అంటూ గబగబా జేబులోంచి దుమ్ము పడకుండా పెట్టుకునే పారదర్శకమైన అద్దాలు తీసి ఇచ్చింది. "కొత్తయే. నేనింకా వాడలే. పెట్టుకోన్రి."

ఈతకొట్టేవాళ్ళు పెట్టుకునే అద్దాల్లా కళ్ళ చుట్టూ మూసేసేవి అవి. అత్త వాటిని తగిలించుకుని నావైపు తిరిగింది. జరీ చీర, ముక్కుపుడక, ఆ అద్దాలు. "ఎట్టుండా?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే మళ్ళీ కంత దగ్గరికి పోయింది. ఆ అమ్మాయి టీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడి, వల వెనక ఏ కిటికీ ఎక్కడుందో గాలిలో వేలితో గీసి చూపించింది. అత్త తల ఊపుతూ, ప్రతి కిటికీకీ, "సరి... సరి..." అంటూ, కనపడని హాలునంతా చూసేసింది.

తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో, "ఊరికే ఎర్రగా నిలబడి ఉంటే ఇంతసేపు చూస్తామా, చెప్పు?" అంది. నిజంగా అంత సంతోషంగా ఉందా, లేక నన్ను ఊరడించడానికి అంటోందా అని కాసేపు అనుమానించాను. కానీ ఇంటికెళ్ళగానే మామను కూర్చోబెట్టి, బెల్లం దగ్గర్నుంచి బ్రష్షు దాకా ఆమె చెప్పిన తీరు చూశాక ఆ అనుమానం పోయింది.

తర్వాతి వారం బీచికి వెళ్ళాం. ఎండ తగ్గాక బస్సులో. బండరాయిని తోస్తున్న కూలీల విగ్రహం ఈ ఊరికి వచ్చినవాళ్ళంతా ఫొటో తీసుకునేదే. ఈసారి నేను ముందుగా ఫోన్లో వెతికాను. ఎక్కడా ఏమీ కనపడలేదు. ధైర్యంగా తీసుకుపోయాను.

దాన్ని నీలం టార్పాలిన్‌లో మూటగట్టి తాళ్ళు బిగించారు. సముద్రపు గాలికి ఆ పట్టా ఉబ్బుతూ, తగ్గుతూ, లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టుంది. ఒక మూల పట్టా జారి, నల్లటి పాదం ఒకటి కనిపిస్తోంది.

ఈసారి నేనే ముందు నవ్వాను. అత్త నన్ను చూసి ఇంకా నవ్వింది. మాకు కాస్త పక్కన కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి నిలబడి ఉంది. అమ్మాయి చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. యాసను బట్టి గోదావరి జిల్లాల వాళ్ళని తెలిసిపోయింది. ఆ అబ్బాయి దిగాలుగా, "ఇంత దూరం వచ్చాం, ఇదేంటండీ ఇలా మూటగట్టేశారు? లోపలేముంటుందండీ?" అని నన్ను అడిగాడు.

నేను నోరు తెరిచేలోపు అత్త ముందుకొచ్చింది. "లోపల ఏముండాదో క్యాలెండర్లో ఎన్నిసార్లో చూసినా, నేను చూపిస్తా నాయనా. ఇట్ట నిలబడండి," అంటూ చెప్పులు విడిచింది. కొంగు నడుముకు దోపుకుంది. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి వేసి, పళ్ళు బిగబట్టి, రెండు చేతులూ చాచి కనపడని బండను తొయ్యడం మొదలుపెట్టింది. "మొదటోడు ఇట్ట. ఈ బాబు వాడెనకనే, కర్ర పట్టుకోని ఇట్ట ఒంగుంటాడు. అమ్మణ్ణీ, నువ్వు రా, మూడోవాడివి. వొంగవే, బండ బరువుగా ఉండాది!"

ఏం చేస్తాం, వంగాను. లెక్కల టీచర్ని, బీచి రోడ్డు పక్కన, సాయంకాలం జనం మధ్య బండను తోశాను. ఆ అబ్బాయి కూడా సిగ్గుపడుతూనే వంగాడు. కొత్త పెళ్ళికూతురు నవ్వు ఆపుకోలేక ఫోను వణికిస్తూ ఫొటోలు తీసింది. ఉడికించిన శనగల సుండల్ అమ్మే అతను కూడా తన బుట్ట దించి, "నాలుగోవాడు నేను," అని తమిళంలో అంటూ అత్త పక్కన చేరాడు. ఎంతమంది చుట్టూ చేరారో నేను చూడలేదు. చప్పట్లు మాత్రం వినపడ్డాయి.

తర్వాత ఆ అమ్మాయి ఫొటో చూపించింది. మా వెనక నీలం మూట గాలికి ఉబ్బి నిలబడి ఉంది. ముందు మేం నలుగురం ఎవరి బలం కొద్దీ వాళ్ళం తోస్తున్నాం. అత్త మొహం చూస్తే అక్కడ నిజంగానే బండ ఉందనిపించింది. "అసలు విగ్రహం ఉంటే మాకు ఇలాంటి ఫొటో దొరికేది కాదండీ మామ్మగారూ," అంది ఆ అమ్మాయి. అత్త మోకాళ్ళు పట్టుకుని ఇసుకలో కూలబడి, ఆయాసపడుతూనే తల ఊపింది.

ఆ రాత్రి మామ అత్త మోకాళ్ళకు నూనె రాస్తూ, "ఇంక చాలు. గుడి గోపురం మాత్రం వద్దు," అన్నాడు. ఎందుకంటే దానికి కూడా తడికలు కట్టారని ఆయనకు ఎవరో చెప్పారట. కుంభాభిషేకం దగ్గర పడుతోంది, రంగులేస్తున్నారు, ఏమీ కనపడదు.

"కట్టినారా!" అంది అత్త. లేచి కూర్చుంది. పండక్కి ఎవరో చుట్టాలొస్తున్నారని చెబితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ గొంతు.

ఆగలేకపోయాం. మన్నడి స్టేషన్లో దిగి, ఇనప సామాన్ల షాపుల మధ్య నుంచి సందుల్లో నడిచాం. గోపురం కనపడాల్సిన చోట సరుగుడు కర్రలతో కట్టిన సారవ ఆకాశంలోకి లేచి ఉంది. చుట్టూ తాటాకు తడికలు, పైన పచ్చటి వల. ఒక పెద్ద గడ్డివామి లేచి నిలబడినట్టుంది. అయితే దాని కింద జనం వరస కట్టి ఉన్నారు. ఏమిటని అడిగితే, బొమ్మలకు రంగులేయడం దాదాపు అయిపోయిందనీ, తడికలు విప్పేముందు ఆ కొద్దిరోజులూ భక్తులను సారవ మీదుగా పైదాకా ఎక్కనిస్తున్నారనీ చెప్పారు.

అత్త నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు నా మణికట్టులో దిగింది.

వరస ముందు పసుపు కండువా వేసుకున్న వాలంటీరు ఒకాయన నిలబడి ఉన్నాడు. అత్తను చూసి చెయ్యి అడ్డం పెట్టి, "పాట్టీ, వేండాం," అన్నాడు. వయసైనవాళ్ళు వద్దు, కింద దణ్ణం పెట్టుకుని పొండి అని. అత్త వాదించలేదు. వెన్ను నిటారుగా చేసింది. గొంతు సవరించుకుంది. ఎన్నో ఏళ్ళుగా నేను వినని గొంతు ఒకటి బయటికొచ్చింది. మెత్తగా, స్పష్టంగా, తొందరలేకుండా. ఎదురుమాట్లాడడానికి అవతలివాళ్ళకు సందే దొరకని గొంతు. ఎక్స్చేంజి గొంతు. తమిళంలో ఆయనతో చెప్పింది: తాను ఈ గోపురం నీడలోనే ఉద్యోగం చేసిందనీ, చూపొచ్చి ఇంకా నెల కూడా కాలేదనీ, పన్నెండేళ్ళకొచ్చే ఇంకో కుంభాభిషేకానికి ఈ కాళ్ళుంటాయో ఉండవో చెప్పలేననీ. అంతే.

ఆయన కాసేపు ఆమెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "మీరు గట్టిగా పట్టుకుంటారా?" అని అడిగాడు. పట్టుకుంటానని మాటిచ్చాను. అత్త సంచీలోంచి వరంగల్ అమ్మాయి ఇచ్చిన అద్దాలు తీసి తగిలించుకుంది. ఆయన ఉలిక్కిపడి పక్కకు తప్పుకున్నాడు.

సరుగుడు కర్రలకు పలకలు కట్టి ఏటవాలుగా మెలికలు తిరుగుతూ దారి వేశారు. పట్టుకోవడానికి కొబ్బరి తాడు. నడుస్తుంటే పలకలు కిర్రుమంటున్నాయి. మొదటి అంతస్తు బాగానే ఎక్కాం. రెండోదాంట్లో తడికకు ఒకచోట చీలిక ఉంది. అందులోంచి కిందికి చూశాను. చూడకుండా ఉండాల్సింది. వీధిలో ఆటోల పైకప్పులు అగ్గిపెట్టెల్లా కనిపించాయి. నా కాళ్ళు బిగుసుకుపోయాయి. తాడు పట్టుకున్న చెయ్యి వదలడం రాలేదు, ముందుకు పోవడం రాలేదు. వెనక జనం ఆగిపోయారు. ఆమెను పట్టుకుంటానని మాటిచ్చిన నేను, కళ్ళు మూసుకుని, "అత్తా, నావల్ల కాదు," అన్నాను.

ఆమె వెనక్కి తిరిగింది. మళ్ళీ అదే గొంతు.

"అమ్మణ్ణీ, నా మాట వినపడతా ఉండాదా? సరే. లైన్లోనే ఉండు. కట్ చేయబాకు. కిందకి చూడబాకు, నా కొంగు చూడు. ఏం రంగు?"

"ఆకుపచ్చ."

"అంచు?"

"మెరూను... జరీ చుక్కలు."

"ఆ చుక్కలు చూస్తా రా. కుడికాలు. ఆఁ. ఇప్పుడు ఎడమది. లైను బాగా ఉండాది. వస్తా ఉండు."

అలా ఆ గొంతు పట్టుకుని ఎక్కాను. ఎప్పుడు భయం పోయిందో చెప్పలేను. ఒక మలుపు తిరిగేసరికి మా ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో, ఒక ఆడమనిషి మొహం ఉంది. మా మొహాలకు రెండింతలుంటుంది. అప్పుడే రంగేసిన బుగ్గలు మెరుస్తున్నాయి. ఆమె పక్కన ద్వారపాలకుడు, గద మీద చెయ్యి ఆనించి. వాళ్ళ వెనక ఏనుగులు, చిలకలు, మద్దెల వాయించేవాళ్ళు. టోపీ పెట్టుకుని, తుపాకీ భుజానేసుకున్న తెల్లదొర కూడా దేవతల మధ్య ఒక మూల దర్జాగా నిలబడి ఉన్నాడు. ఎక్కడ చూసినా రంగులు.

అత్త ఆ ఆడబొమ్మ పాదాల దగ్గర వంగి, "అమ్మణ్ణీ! మెట్టెలు పెట్టినాడే! గోళ్ళు చెక్కినాడు. కిందినుంచి ఎవడు చూస్తాడని పెట్టినాడే ఇవన్నీ!" అని కేకేసింది. ముట్టుకుంది. మెట్టెల మీదుగా వేలు తిప్పింది. వెనకాల వచ్చినవాళ్ళను పిలిచి, వాళ్ళకూ చూపించింది. భాష తెలియని ఒక మార్వాడీ ముసలమ్మ వంగి చూసి, తన కాలి మెట్టెలు చూపించింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నవ్వుకున్నారు.

బొమ్మలన్నిటికీ కనుగుడ్లు మాత్రం ఇంకా దిద్దలేదు. ఆఖరున దిద్దుతారట. "పాపం, మనం వచ్చింది వీళ్ళకి తెలీదు," అంది అత్త.

పై అంతస్తులో తడికలు తీసేశారు. గాలి ఒక్కసారిగా మొహాన కొట్టింది. ఊరంతా మా కింద ఉంది. డాబాల మీద ఆరేసిన బట్టలు, కోర్టు ఎర్ర గుమ్మటాలు, ఆమె పనిచేసిన ఎక్స్చేంజి మేడ, దూరంగా పచ్చ వల కప్పుకున్న మన ఎర్ర హాలు. ఇటు రాయపురం వైపు చేపల పడవలు, హార్బరు క్రేన్లు, ఓడలు, ఆ వెనక సముద్రం తళతళా. అత్త తాడు పట్టుకుని ముందుకు వంగింది. నల్లటి పెద్ద ఓడ ఒకటి రేవులో ఆగి ఉంది. దాని ఒంటి మీద తెల్లటి గీతలాంటిదేదో నాకు లీలగా కనిపించింది.

అత్త ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పలకడం మొదలుపెట్టింది. ట్రంక్ కాల్‌లో పేరు చెప్పినట్టు, విడివిడిగా. ఓడ పేరు చదువుతోంది.

నేను ఫోను తీసి కెమెరాను ఎంత దగ్గరికి వస్తుందో అంత దగ్గరికి లాగి చూశాను. ఆ పేరే. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. "కరెక్టే అత్తా! కరెక్టే!" అని అరిచాను. మా చుట్టూ ఉన్నవాళ్ళకు ఏం జరిగిందో అర్థమై చప్పట్లు కొట్టారు. అత్త అద్దాలు తీసి, కొంగుతో కళ్ళు ఒత్తుకోబోయి, ఒత్తకూడదని గుర్తొచ్చి, మొహం గాలికి పెట్టి అలాగే నిలబడింది. నేను ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాను.

కుంభాభిషేకం రోజున మామ కూడా మాతో వచ్చాడు. మాకు తెలిసినవాళ్ళ ఇనప సామాన్ల షాపు డాబా మీద చోటు దొరికింది. వీధి, డాబాలు, గోడలు, ఎక్కడ చూసినా తలలే. సారవ విప్పేసిన గోపురం కొత్త రంగుల్లో ఎండకు భగ్గుమంటోంది. పైన పూజారులు కలశాల దగ్గర నీళ్ళ బిందెలతో నిలబడ్డారు. అందరూ తలలెత్తి గరుడపక్షి కోసం ఆకాశం వెతుకుతున్నారు. అది వచ్చి ఒక చుట్టు తిరిగితే శుభమని నమ్మకం.

"అదిగో!" అంది అత్త.

ఎవరికీ కనపడలేదు. మామ చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని, "కాకిలే," అన్నాడు. "కాకి కాదు. రొమ్ము తెల్లగా ఉండాది, రెక్క ఎర్రగా ఉండాది. హార్బరు తట్టు నుంచి వస్తా ఉండాది," అంది అత్త వేలు చూపించి. పక్క డాబా వాళ్ళు ఆ వేలు వెంబడి చూశారు. కొన్ని క్షణాలకు చిన్న చుక్క ఒకటి మాకూ దొరికింది. అది పెద్దదై, రెక్కలు చాచి, గోపురం మీద తీరిగ్గా తిరిగింది. వీధి వీధంతా ఒక్కసారిగా హోరెత్తింది. నీళ్ళు కలశాల మీద పడ్డాయి. జనం మీదికి చిమ్మారు. మా మొహాల మీద కూడా నాలుగు చుక్కలు పడ్డాయి. పక్క డాబాలోని ఒకామె మా అత్తకు దణ్ణం పెట్టింది, ఆమే పక్షిని పిలిపించినట్టు.

జనం పలచబడ్డాక అత్త మళ్ళీ గోపురం వైపు తిరిగింది. "బాగుండాది. రొంబ బాగుండాది," అంది. ఆగి, "కాని ఆ మెట్టెలామె వాళ్ళంతా దూరంగా పోయినారబ్బా," అని నవ్వింది. మామకు ఏమీ అర్థం కాలేదు. నేను ఆయనకు టిఫిన్ తినేటప్పుడు విడమరిచి చెప్పాను.

బడి తెరిచాక నేను అంబత్తూరు వచ్చేశాను. ఆ తర్వాత ఆమె మామను పట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. ఎక్కడ కర్రలు కట్టారు, ఎక్కడ వలలు కప్పారు అని ఆయనే ఇప్పుడు పొద్దున్నే పేపర్లో వెతికి చదివి వినిపిస్తున్నాడట. పోయిన వారం రాత్రి భోజనాల వేళ ఫోను చేసింది.

"రాయపురం పాత స్టేషన్ దగ్గర లారీలో ఇనప గొట్టాలు దించుతా ఉండారే. ఇంకా కట్టలేదు. కట్టేది మొదటినుంచి చూడొచ్చు. ఆదివారం నీకు లీవేనా?"

ఆదివారం ఎప్పుడూ లీవే కదా అని నేను అనేలోపు, వెనకనుంచి మామ గొంతు, "ఆ అమ్మిని టోపీ తెచ్చుకోమను, ఎండగా ఉండాది," అంటూ వినపడింది.